వంటింటి గడప తొక్కని డయానా

"గుర్తుపెట్టుకో. నువ్వు పడింది కంప్యూటర్ దగ్గర. ఇంటిపని చేస్తూ కాదు," అంది రూతమ్మ, పొద్దుట్నుంచి ఎన్నోసారో.

"నిజంగానే అక్కడే పడ్డాను కదమ్మా!" విసుక్కుంది డయానా, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని.

నిజమే. ఉయ్యూరులో ఇంట్లోనే కూర్చుని ఓ కంపెనీకి కస్టమర్ కాల్స్ మాట్లాడే పిల్ల, డ్యూటీలో ఉండగా కాలికి వైరు తట్టుకుని పడింది. చెయ్యి విరిగింది. డ్యూటీలో తగిలిన దెబ్బకైతే కంపెనీ ఖర్చులిస్తుంది. ఇంటిపనిలో తగిలితే పైసా ఇవ్వదు. ఇల్లే ఆఫీసైతే ఏది ఏదో తేల్చేదెలా? అందుకే చూసి రాసుకోడానికి విజయవాడ నుంచి ఓ మనిషి వస్తాడట. ఆపరేషన్ కోసం తాకట్టుకెళ్ళిన రూతమ్మ గొలుసు మళ్ళీ మెళ్ళోకి రావాలంటే ఆ మనిషి సరేననాలి.

గేటు చప్పుడైంది. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, ముఖం నిండా చెమట.

"వందనాలండీ. నేను..."

వందనాలన్నాడంటే చర్చికెళ్ళే మనవాళ్ళే! రూతమ్మకి ప్రాణం లేచొచ్చింది. "తెలుసు బాబూ, మీకోసమే చూస్తున్నాం. కూర్చోండి, కూర్చోండి."

అతను డయానా కట్టు చూసి కంగారుపడ్డాడు. "అయ్యో, దెబ్బ ఎలా తగిలిందండీ?"

"ఆ కంప్యూటర్ దగ్గరే! అసలు ఆ కుర్చీ వదిలితేగా? పొద్దస్తమానం ఫోన్లే. అర్ధరాత్రయినా సరే, ఎవరెవరో మగాళ్ళతో నవ్వుతూ మాట్లాడుతూనే ఉంటుంది. అంత శ్రద్ధ!"

అతను రూతమ్మ ఇచ్చిన గ్లాసుడు నీళ్ళూ గటగటా తాగేశాడు. "మరి... వంటా అదీ?"

ఆహా, ఉచ్చు బిగిస్తున్నాడు! రూతమ్మ అంత తేలిగ్గా పడే మనిషా?

"వంటింటి గడప తొక్కితే ఒట్టు! స్టవ్ ఎటు తిప్పితే వెలుగుతుందో తెలీదు. చీపురిస్తే ఏ వైపు పట్టుకోవాలని అడుగుతుంది."

"అమ్మా!" డయానా ముఖం కందగడ్డయింది. ఆ పిల్ల చేతి చేపల పులుసుకి వీధి వీధంతా గిన్నెలు పట్టుకొస్తుంది మరి! రూతమ్మ కళ్ళురిమింది.

"చెయ్యి... తగ్గిపోతుంది కదండీ?"

"ఎక్కడ బాబూ! ఇంక జన్మలో చెంబెడు నీళ్ళు కూడా ఎత్తలేదు," అని రూతమ్మ ముక్కు చీదింది.

డయానాకి నవ్వాగలేదు. చున్నీ నోట్లో కుక్కుకుంది. అది చూసి అతనూ నవ్వాపుకున్నాడు. ఫైలు తెరిచాడు, మూశాడు, లేచి నిలబడ్డాడు.

ఎక్కడో తేడా కొట్టింది, గొలుసు గోవిందా! రూతమ్మ ఒక్క ఉదుటున వెళ్ళి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఉన్నదున్నట్టు చెప్పేశా బాబూ. అవునో కాదో తేల్చే వెళ్ళండి!"

అతను కర్చీఫ్‌తో ముఖం తుడుచుకుని, డయానా వైపు ఒక్కసారి చూసి అన్నాడు: "పాస్టరమ్మగారు పంపితే పెళ్ళిచూపులకొచ్చానండీ, నాకు వంట బాగానే వచ్చు, మీ అమ్మాయికి ఇష్టమైతే నాకూ ఇష్టమే."