మేళం వాళ్ళ బంతి

జిల్లాలో డోలు, సన్నాయి పట్టే మనుషులు కరువై పన్నెండేళ్ళయింది. ఇప్పుడు ఏ పెళ్ళికైనా ఒక ట్యాబ్, నాలుగు స్పీకర్లు వస్తాయి. తెర మీద రాసి ఉన్న స్వరాలను ట్యాబ్‌లోని ఐదు వాయిద్యాలూ తమంతట తామే వాయించుకుంటాయి, ఒకదాన్నొకటి మించకుండా సర్దుకుంటాయి. గట్టిమేళానికి మాత్రం మనిషి కావాలి. తాళి కట్టేవేళ ఎవరి తుమ్మూ వినపడకుండా డోలు హోరెత్తిపోవాలి కదా, యంత్రం అది తప్పనుకుని వెంటనే తగ్గించేస్తుంది.

అందుకే అబ్బులు ఉన్నాడు. ఒకప్పుడు ఐదుగురి మేళంలో తాళం వేసినవాడు. మిగతా నలుగురూ ఒకరి వెనక ఒకరు పోయారు. ఆ రోజు పెళ్ళిలో పంతులుగారు వేలెత్తగానే అబ్బులు తెర మీద డోలు మీటను పైకి తోసి, మూడు ముళ్ళూ పడేదాకా వేలు తీయలేదు. పందిరి దద్దరిల్లింది. ఎవరూ అతని వంక చూడలేదు.

పెళ్ళివారి భోజనాలయ్యాక వడ్డించే ఆవిడ వచ్చింది.

"మేళం వోళ్ళు ఎంతమందండీ?"

"ఐదుగురమండి," అన్నాడు అబ్బులు. నలభై ఏళ్ళ అలవాటు, నోట్లోంచి వచ్చేసింది.

ఆవిడ ఐదు ఆకులు వేసింది. అబ్బులు చివరి ఆకు ముందు కూర్చున్నాడు. పప్పు గిన్నెతో ఆవిడ ఖాళీ ఆకుల దగ్గర ఆగిపోయింది.

"మిగతావోళ్ళు ఏరండీ?"

అబ్బులు ఆకుల వరస వంక చూశాడు.

"వడ్డించెయ్యమ్మా," అన్నాడు. "సన్నాయి ఆయనకి కారం పడదు. డోలు వీర్రాజుకి మాత్రం ఓ గరిటె ఎక్కువెయ్యి."