రంగుల విస్తరి

"మీ నాయన ముట్టినాడా?"

మిద్దె దిగి వస్తున్న రూపశ్రీ తల అడ్డంగా ఊపింది. "లేదుమా. పెట్టింది పెట్టినట్టే ఉండాది."

వసంతమ్మ తెల్లారకముందే లేచి వండింది. బీట్‌రూట్ వేపుడు, క్యారెట్ తాళింపు, గుమ్మడికాయ కూర, పాలకూర పప్పు, పక్కన గుప్పెడు నేరేడు పండ్లు. విస్తరి చూస్తే రంగుల ముగ్గేసినట్టుంది. భర్త కుప్పయ్య గుండెకు స్టెంటు వేసిన తిరుపతి డాక్టరు మాటలు ఆమెకు కంఠతా వచ్చు. "కూరగాయల్లో రంగే మేలు చేసేదమ్మా. ఎరుపు, పసుపు, ఊదా, ఆకుపచ్చ... కంచంలో ఎన్ని రంగులుంటే రక్తనాళాలకు అంత మంచిది. నూనె సరుకు మాత్రం దగ్గరికి రానీకండి."

అది మొదలు ఆమె రంగులు వండటం, "నేనేమన్నా ఆవునా?" అని ఆయన కంచం పక్కకు నెట్టడం. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి వడమాలపేట బస్టాండులో, పదిమంది చూస్తుండగా, ఆయన చేతిలోని మిరపకాయ బజ్జీ లాక్కుని కాలవలో పారేసింది. ఆయన ఆమె వైపు ఒక్క చూపు చూసి ఇంటిదారి పట్టాడు. ఆ తర్వాత ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ చూపు గుర్తొస్తే వసంతమ్మకు ఏడుపు ఆగడం లేదు.

వసారాలో చుట్టాలు ఆకలికి నకనకలాడుతున్నారు. ఆయన ముట్టనిదే ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. మరిది చిన్నబ్బ వంటింటి గడప దగ్గరికొచ్చాడు.

"వదినా, ఎండ నెత్తికెక్కె. పిలకాయలు ఏడస్తాండారు. మాయన్న మొండితనం నీకు తెల్దా? ఆయనకి ఇష్టమైంది పెట్టు."

"డాక్టరు వద్దన్నాడు గదబ్బా!"

చిన్నబ్బ తుండుతో మొహం తుడుచుకున్నాడు.

"ఒక్కసారన్నా నా మాట ఇంటాడనుకుంటిని. ఒక్క ముద్ద..." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

రూపశ్రీ శనగపిండి కలిపింది. నూనె కాగుతుంటే వసంతమ్మ మిరపకాయలు చీల్చింది. ఇన్నాళ్ల పోరులో తాను ఓడిపోయింది.

వేడి బజ్జీలు రెండు తీసుకుని మిద్దె ఎక్కింది. కూరలన్నీ పక్కకు జరిపి విస్తరి మధ్యలో పెట్టింది.

"తినయ్యా. ఇంక నిన్నేమీ అనను."

చేతులు జోడించి, వెనక్కి జరిగి నిలబడింది.

కాకి ముట్టింది.