చుక్క ముట్టలే

"చుక్క ముట్టలే. ఎన్నిసార్లు అడిగినా గదే మాట, డాక్టరమ్మా!"

యశోద గొంతు వార్డు చివరిదాకా వినిపించింది. చేతులు మాత్రం గడగడ వణుకుతున్నాయి.

ఆమె నోట్లో నోరు పెట్టి గెలిచినవాళ్లు మెదక్‌లో లేరు. కల్లులో మత్తుమందు కలుపుతున్నారని ఏడాది కిందట ఆడవాళ్లను కూడగట్టి కల్లు డిపో మీదికి నడిపించింది తనే. ఇప్పుడు డిపో మూసేదాకా లేవనని రాందాస్ చౌరస్తాలో నిరాహారదీక్షకు కూర్చుంది. రెండు రోజులు మంచినీళ్లు తప్ప మరేమీ తీసుకోలేదు. మూడోరోజు పొద్దున ఫిట్స్ వచ్చి డేరాలోనే పడిపోయింది.

దవాఖానలో మూత్రం పరీక్ష చేశారు. అదే మత్తుమందు బయటపడింది.

ఎవరు చెప్పారో గానీ గంటలో ఊరంతా పాకింది. డిపో ముందు టపాసులు కాల్చారు. "తాగేటామెనే తాగొద్దని కూసున్నదా?" అని పగలబడి నవ్వారు. ఊరి నోటికి మూత పెట్టేదెవరు? డేరా కింద ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి ఇళ్లకు పోతున్నారు. ఆమె పరువూ, ఏడాది పోరాటమూ ఒక్క కాగితంతో కొట్టుకుపోతున్నాయి.

డాక్టర్ పెర్సిస్ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"చూడుండ్రి యశోదమ్మా. మెదడు కణాల మీద రిసెప్టర్లని ఉంటయి. చిన్న చిన్న తలుపులు అనుకోండ్రి. ఈ మత్తు వచ్చి తట్టినప్పుడల్లా కణం నిమ్మళమైతది. రోజూ తడితే తలుపు మొద్దుబారుతది. తట్టుడు ఆగిందంటే కణాలన్నీ ఒక్కసారే లొల్లి పెడతయి. మీకొచ్చిన ఫిట్స్, ఈ చేతుల వణుకు గా లొల్లే."

"నయమైతదా?"

"ఎందుకు గాదు? గా తలుపులకే కొలత పెట్టి మందిస్తం. మెల్లమెల్లగ తగ్గిస్తం. అవి మళ్ల మామూలైతయి. కాని ఇది ఒక్కరోజు అలవాటు గాదమ్మా. నెలల నుంచి రోజూ పడుతున్నది."

"గా తలుపులు అబద్ధం చెప్తయా?"

"చెప్పవు."

"నేను గూడ చెప్ప!"

డాక్టర్ చీటీ రాసి, మందు తెమ్మని సిస్టర్‌ను పంపి, పక్క మంచం వైపు వెళ్లింది.

అప్పుడే యశోద భర్త నర్సింగం ఫ్లాస్కుతో వచ్చాడు. ఆమె ఉద్యమంలో దిగినప్పటి నుంచి రోజూ పొద్దున్నే చాయ్ పెట్టి మంచం దగ్గరికి తెచ్చేది ఆయనే. వాడకట్టు ఆడవాళ్లు తమ మొగుళ్లను దెప్పాలంటే నర్సింగాన్నే చూపిస్తారు.

"ఊరు వెయ్యి అంటది, పట్టించుకోకు. జర ఇంటి చాయ్ తాగు. ఇగ ఈ లొల్లులు బంద్ చెయ్యి."

సెలైన్ ఎక్కాక దీక్ష ఎట్లాగూ పోయింది. యశోద తాగింది. ఆ మాటకు తలూపకుండానే తాగింది.

అరగంట తర్వాత సిస్టర్ మందు తెచ్చింది. వెనకే డాక్టర్ వచ్చింది. యశోద రెండు చేతులూ ఒళ్లో కదలకుండా ఉన్నాయి. ఆమె వాటినే చూస్తూ కూర్చుంది.

"ఇంకా మందే ఇయ్యలే గదా, వణుకెట్ల ఆగింది?" అంది డాక్టర్.

యశోద మొగుడి ముఖంలోకి సూటిగా చూసి, ఫ్లాస్కు తీసి డాక్టర్ చేతిలో పెట్టింది: "ఈసారి గీ చాయ్‌ని టెస్టు చెయ్యుండ్రి, డాక్టరమ్మా!"