ఏడు నిమిషాల సూర్యుడు

"ఏడు నిమిషాలు కాదు కదా, ఏడు సెకన్లు కూడా ఆపనమ్మా. ఇది మా అత్తగారు పెట్టిన బండి కాదు!" అని స్టేషన్ మాస్టర్ ఫోన్లో అరిచాడు.

అవతల నర్సు గొంతు గదంతా వినబడుతోంది. "సార్, నా పెట్టెలో రక్తం ఉంది. ఎక్కడా దొరకని గ్రూపు. రెండు రోజుల పసిగుడ్డుకి సార్. మధ్యాహ్నం లోపు పెద్దాసుపత్రికి చేరాలి. ఫోన్లో మ్యాపు మమ్మల్ని తీసుకెళ్లి రాళ్ల క్వారీలో దింపింది. మా డ్రైవరు ఈ దారికి కొత్త. వచ్చేస్తున్నాం, ఏడంటే ఏడు నిమిషాలు!"

"మ్యాపు తప్పు చేస్తే రైలేం చేస్తుంది? సాయంత్రం ఇంకోటుంది, ఎక్కండి." ఫోన్ పెట్టేశాడు.

తలుపు దగ్గర పాయింట్స్‌మన్ అంతా విన్నాడు. పట్టాలు మార్చడం, లైను చూసుకోవడం అతని పని. "సాయంత్రం దాకా ఆ బిడ్డ ఉండాలిగా సార్," అన్నాడు.

"ఏమయ్యా, నిమిషం ఆలస్యమైతే పైవాళ్లకి కారణం రాయాలి. కారణమంటే ఎవరో ఒక మనిషి. ఎవరి పేరు రాయమంటావు, నీదా? పదకొండేళ్లుగా ఈ స్టేషన్ మీద ఒక్క నిమిషం ఆలస్యమన్న మాట పడలేదు." టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. "పూలకుండీలకి నీళ్లు పోశారో లేదో! అన్నీ నేనే చూసుకోవాలి," అని గొణుక్కుంటూ బయటికెళ్లాడు. అందరూ ఆయన్ని సెకన్ల ముల్లు అని పిలిచేది ఊరికే కాదు.

పాయింట్స్‌మన్ మనసులో తూకం వేశాడు. ఒక పళ్లెంలో ఇరవై మూడేళ్ల ఉద్యోగం. రెండో పళ్లెంలో తాను ఎన్నడూ చూడబోని పసిగుడ్డు. నిజం చెప్పాలంటే ఉద్యోగం వైపే మొగ్గింది. అప్పుడు కనబడింది, గోడ మీద పొద్దున అంటించిన కాగితం.

సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగిందట. అక్కడి నుంచి ఎగిసిన విద్యుత్ కణాల మేఘం రెండు రోజులు ప్రయాణం చేసి భూమిని తాకిందట. భూమి అయస్కాంత శక్తిని ఒక్క కుదుపు కుదిపినట్టవుతుంది, ఉపగ్రహాలు తప్పు దారి చెబుతాయి, పొడవాటి పట్టాల్లో లేనిపోని కరెంటు పుడుతుంది, రైలు లేకపోయినా సిగ్నల్ ఎర్రబడవచ్చు, కంగారు పడొద్దు అని రాశారు. తెల్లవారుజాము నుంచి రెండుసార్లు అలాగే ఎర్రబడింది కూడా. నాలుగేసి నిమిషాలుండి దానంతటదే పోయింది.

రెండుసార్లు చేసినవాడు మూడోసారి చేయడా? పైగా సూర్యుడు పైవాళ్లకంటే పైన ఉన్నవాడు. ఆయనకి మెమో ఎవరిస్తారు?

సామాన్ల పెట్టె తెరిచాడు. రెండు కొసలా కొక్కేలున్న వైర్లు అందులో ఉంటాయి. ఒకదాన్ని ఈ పట్టాకీ ఆ పట్టాకీ కలిపి తగిలిస్తే చాలు, అక్కడ రైలుందనుకుని సిగ్నల్ ఎర్రబడుతుంది. రెండుండాల్సిన చోట ఒకటే ఉంది. రెండోది ఏమైందో వెతికే తీరిక లేదు.

వెనక దారిన పరుగెత్తి, సిగ్నల్ దాటాక పొదల చాటున తగిలించి వచ్చాడు. వచ్చేసరికి స్టేషన్ మాస్టర్ మోకాళ్ల మీది మట్టి దులుపుకుంటూ సిగ్నళ్ల బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతోంది.

"చూశావా, మళ్లీ మొదలైంది సూర్యుడి గోల!"

"పొద్దున్నుంచీ ఇదే వరస కదా సార్," అన్నాడు పాయింట్స్‌మన్.

రైలు వచ్చి ఆగింది. ఒక్క నిమిషం ఆగాల్సిన బండి మూడు నిమిషాలైనా కదల్లేదు. డ్రైవరు ఇంజన్లోంచి తల బయట పెట్టాడు. "ఏంటి మాస్టారూ, ముందు ఈగ కూడా లేదు, ఎందుకాపారు?"

"నన్నడుగుతావేం? పైకి చూసి అడుగు!"

"ఇంత ప్రపంచంలో సూర్యుడికి మా బండే దొరికిందా?" అని కిటికీలోంచి ఒకాయన విసుక్కున్నాడు.

ఆరో నిమిషంలో దుమ్ము రేపుకుంటూ వ్యాను వచ్చింది. నర్సు పెట్టెని గుండెకి హత్తుకుని, ఒక కాలికే చెప్పుతో పరుగెత్తుకొచ్చింది. పాయింట్స్‌మన్ ఆమెని చేయిపట్టి బోగీలోకి ఎక్కించాడు. ఆమె కిటికీ దగ్గరికొచ్చి, రొప్పుతూనే, "మీరేనా సార్ ఆపింది? ఆ బిడ్డ తల్లికి ఎవరి పేరు చెప్పను?" అని అడిగింది.

"నేనెందుకు ఆపుతానమ్మా! సూర్యుడు ఆపాడని చెప్పు," అన్నాడు స్టేషన్ మాస్టర్.

ఆమె కళ్లు తుడుచుకుని, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. "పొద్దున దారి తప్పించావు, ఇప్పుడు బండి ఆపావు. లెక్క సరిపోయింది. చల్లగా ఉండు తండ్రీ!"

సూర్యుణ్ణి పట్టుకుని చల్లగా ఉండమనేసరికి విసుక్కున్న పెద్దమనిషి కూడా నవ్వేశాడు. పాయింట్స్‌మన్ మాత్రం అటు తిరిగాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తనకి ముట్టిన మంచి మాట అదొక్కటే, అదీ ఇంకొకరి పేరు మీద. అయినా నష్టమనిపించలేదు.

"నిలబడ్డావేం? వెళ్లి లైను చూసిరా," అని కసిరాడు స్టేషన్ మాస్టర్.

ఒక్క పరుగున వెళ్లి వైరు పీకి జేబులో కుక్కుకున్నాడు. సిగ్నల్ ముందుకొచ్చి తలెత్తి చూస్తే, ఇంకా ఎర్రగానే ఉంది! తాను అబద్ధానికి వాడుకున్న సూర్యుడు నిజంగానే వచ్చి కూర్చున్నాడా? ఇప్పుడు బండి ఎప్పటికి కదిలేను, పెట్టె ఎప్పటికి చేరేను?

పడుతూ లేస్తూ గదిలోకి వచ్చాడు. స్టేషన్ మాస్టర్ ఆలస్యాల పుస్తకంలో కారణం దగ్గర 'సూర్యుడు' అని గుండ్రంగా రాస్తున్నాడు.

"లైను మీద ఏమీ లేదు సార్. కానీ ఎరుపు పోవట్లేదు!"

స్టేషన్ మాస్టర్ కళ్లజోడు పైనుంచి అతని జేబులో వేలాడుతున్న కొక్కేన్ని ఒకసారి చూసి, మళ్లీ పుస్తకంలో తల దూర్చాడు.

"నీది తీశావు సరే. నీళ్ల ట్యాంకు పక్కన నాదీ ఒకటుంది, అది కూడా పీకి పట్టుకురా."