నోటితోని చెప్పు

"ఏడ తీసింది గాడనే పెట్టుమని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? బుద్ధి ఉన్నదా?"

గౌరయ్య అరుపుకు రోడ్డవతల దాబాలో టీ తాగుతున్నవాళ్లు కూడా తలలు తిప్పారు. చాందీ చేసిన నేరమల్లా కటింగ్ ప్లేయరును జానెడు పక్కకు పెట్టడం. జానెడంటే జానెడే! దానికి హైవే అంతా వినిపించేలా తిట్టాలా?

మునగాలలో గౌరయ్య మోటార్ వైండింగ్ దుకాణం పెట్టి పాతికేళ్లయింది. మోటారు కాలిందంటే సూర్యాపేట నుంచి కోదాడ దాకా రైతులు ఆయన పేరే చెబుతారు. ఆయన నోటి దురుసు గురించీ చెబుతారు. పని నేర్చుకుందామని చేరినవాళ్లు నెల తిరక్కుండా పారిపోతారు. మోతె దగ్గరి తండా నుంచి వచ్చిన చాందీ మాత్రం ఏడాదిన్నరగా పళ్లు బిగించుకుని ఉంది. ఐటీఐ పాసైంది. మిర్యాలగూడ రైసు మిల్లులో పర్మనెంటు ఎలక్ట్రీషియన్ కావాలి. ఆమెకున్నది ఆ ఒక్క ఆశే.

నేర్పడమా? ఆ మహానుభావుడు కుర్చీ దిగితే కదా!

"తీగ ఏ గేజి? చుట్లెన్ని? ఏడ మాడింది? నోటితోని చెప్పు."

ఇదే పాట. ఒకసారి కాయిల్ లెక్కలన్నీ కాగితం మీద చక్కగా గీసి తెచ్చింది. కాగితాన్ని అటు నెట్టేశాడు.

"బొమ్మలెవనికి గావాలె? చుట్లు లెక్కవెట్టినవా? పైకి లెక్కవెట్టు. నేను వినాలె."

ఇంకోసారి పాలకీడు పొలంలోంచి స్టార్టరు ఫోటో పంపి, చూశావా అని ఫోన్ చేసింది.

"ఫోటో ఎవ్వడడిగిండే నిన్ను? ఏ తీగ ఏడ తగిలున్నదో ఒక్కొక్కటి చెప్పు. మొదలు కరెంటు. తర్వాత వైరు. గాన్నుంచి స్టార్టరు. మోటారు ఆఖరుకు. వరుస తప్పితే దుకాణం మెట్లెక్కకు."

మండుటెండలో అరగంట చెప్పింది. ఒక తీగ తప్పు చెప్పినందుకు మళ్లీ మొదటి నుంచి చెప్పించాడు. అన్నీ విన్నాక, "కాలింది మోటారు గాదు, నీ మెదడు," అని ఫోన్ పెట్టేశాడు. ఆ రాత్రి చాందీ అన్నం తినలేదు.

ఒకరోజు మిర్యాలగూడ మిల్లు యజమాని నుంచి ఫోన్ వచ్చింది. గౌరయ్య ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు.

"గౌరయ్యా, నీ దగ్గర ఒక అమ్మాయి పనిచేస్తదంట గదా. మా మిల్లుకు ఎలక్ట్రీషియన్ కావాలె. పంపుతవా?"



"దానికింకా పని రాదు," అన్నాడు గౌరయ్య.

చాందీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడాదిన్నర ఊడిగం చేయించుకుని నోటికాడి ముద్ద పడగొడతాడా! మనిషా, రాక్షసుడా?

సోమవారం జ్వరమని చెప్పి మిర్యాలగూడ బస్సెక్కింది. నేరుగా మిల్లు యజమాని ముందు నిలబడి, ఒక్కసారి పరీక్ష పెట్టి చూడమంది.

అక్కడ నెలలో మూడు మోటార్లు కాలిపోయాయి. ఇద్దరు డిప్లొమా వాళ్లు మోటారు మార్చినప్పుడల్లా కొత్తదీ కాలుతోంది. వాళ్లు లాప్‌టాప్ ముందు కూర్చుని చాందీని చూసి నవ్వారు.

"మాకే అంతుచిక్కలే. నీకు దొరుకుతదా?"

చాందీ మోటారు జోలికే పోలేదు. గౌరయ్య మీద ఎంత కసి ఉన్నా చేతులు ఆయన వరుసలోనే నడిచాయి. కరెంటు సరిగ్గానే వస్తోంది. వైరు బాగుంది. స్టార్టరు విప్పింది. మూడు ఫేజుల పాయింట్లలో ఒకటి మాడి ఉంది. లోడు పడగానే ఆ ఫేజు నీరసపడుతోంది, మోటారు కాలుతోంది. పదిహేను నిమిషాల పని.

"ఎవరు నేర్పిండ్రమ్మా?" అన్నాడు యజమాని.

"ఎవ్వరు నేర్పలే. తిట్లు తిని నేర్చుకున్న."

"రేపటి నుంచే రా."

చాందీ ఇంటికి పోలేదు. మునగాలలో బస్సు దిగి తిన్నగా దుకాణానికే వెళ్లింది. గౌరయ్య కుర్చీలో ఉన్నాడు. ఆయన భార్య యశోద పక్కన బియ్యం ఏరుతోంది.

"పని రాదంటివి గదా ఉస్తాదూ! మిర్యాలగూడ మిల్లుల నౌకరి వచ్చింది నాకు."

గౌరయ్య తలైనా తిప్పలేదు. "ఏం ఖరాబైంది గాడ? మొదలు ఏం జూసినవ్?"

"ఇంకా అడుగుతున్నవా? సిగ్గనిపిస్తలేదా?" "ఏడాదిన్నరల ఒక్కనాడన్న నా పక్కకొచ్చినవా? ఒక్క పని గిట్ల చెయ్యాలెనని చేసి సూపెట్టినవా? కుర్చీల కూసొని అంత నాతోనే చెప్పిచ్చుకుంటివి. కష్టం నాది, పేరు నీది. ఆఖరికి నా బతుకుల మన్ను పోస్తివి!"

"అయిందా? ఇగ నడువు."

"నడుస్త. నడిచి మిల్లు మిల్లుకు చెప్త. ఈడికొచ్చే ఒక్క మోటారు సుత గౌరయ్య చూస్తలేడని, అన్ని నేనే చూస్తున్ననని!"

గౌరయ్య చేతులు కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి.

యశోద చాట కింద పెట్టేసి వచ్చి చాందీ రెండు చేతులూ పట్టుకుంది.

"నీకు దండం పెడత, గా మాట ఎవ్వరితోని అనకు బిడ్డా, ఆయనకు కండ్లు కనవడక నాలుగేండ్లాయె."