అద్దంలా మెరిసిన రోటర్లు

తమ్ముడూ, మా అబ్బాయి మీద కేసు కొట్టేశారురా! నాకు ప్రాణం లేచొచ్చింది. సంతోషం పట్టలేక గబగబా రాస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా కూడబలుక్కుని చదువుకో.

తప్పంతా మెకానిక్‌దేనని తేల్చారు. అదీ నా సాక్ష్యంతోనే! మీ అన్నయ్య బోనెక్కి ఎంత గట్టిగా మాట్లాడాడో నువ్వు చూడాల్సింది.

నీ దగ్గర దాపరికం ఏముంది! ఆ రోజు షెడ్డులో మెకానిక్ కారు చక్రం విప్పి చెప్పనే చెప్పాడు. "కొత్త బ్రేకు ప్యాడ్లు మాత్రమే వేస్తే లాభం లేదు. అవి నొక్కే ఈ ఇనప రోటర్లు బాగా అరిగాయి, ఇవీ మార్చాలి. తెప్పించడానికి రెండు రోజులు పడుతుంది."

"అద్దంలా మెరుస్తుంటే అరిగాయంటావేంటయ్యా?" అన్నాను.

"చూడాల్సింది మెరుపు కాదు, మందం," అంటూ కొలిచి చూపించాడు.

అబ్బాయికేమో మర్నాడే ప్రయాణం. "చాల్లే నీ పాండిత్యం, ప్యాడ్లు వేసి పంపించు," అని నేనే కసిరాను. తల వంచుకుని వేశాడు. మర్నాడు కొండ దిగుతుంటే రోటర్ పగిలింది, బ్రేకు పడలేదు. రోడ్డు పక్కన నడుస్తున్న మనిషి పోయాడు.

కోర్టులో "రోటర్ల మాటే మాకు చెప్పలేదండీ" అన్నాను. మెకానిక్ నా వంక చూశాడు, నా మాట కాదనలేదు. మూడేళ్లు వేశారు.

కార్డు అందగానే అందరికీ చెప్పు. అక్కయ్యకి, బావగారికి, చిన్నత్తకి, మరదలి పుట్టింటివాళ్లకి. మా అమ్మాయి ఇంకా పురిటి మంచం మీదే ఉంది, దానికి మాత్రం నువ్వే వెళ్లి చెప్పు. దాని తమ్ముడు బయటపడ్డాడని ముందు చెప్పు. మొగుడికి మూడేళ్లు పడ్డాయని ఆ తర్వాత చెప్పు.