పసుపు రంగు చుక్క

నిదానంగా రాసేదాన్ని. అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి.

నెల రోజులుగా టర్బో కారు ఎత్తు ఎక్కలేక చతికిలబడుతోంది. తెల్లారితే కూతురు అదే కారులో, లారీల మధ్య కొండదారి ఎక్కి కొత్త ఉద్యోగంలో చేరాలి. ఆ రాత్రి షెడ్డులో ఇంజను ఆపి, ఇంజనుకు గాలిని ఒత్తి పంపే టర్బో గొట్టాల్లోకి కాలిపంపుతో గాలి కొట్టి, ఎక్కడ కారుతోందో చూడ్డానికి అతుకుల మీద సబ్బునీళ్లు చల్లింది. తల్లి టార్చి పట్టుకుంది. ఎక్కడో బుస్సుమంది. అడుగు గొట్టాన్ని బిగించే క్లాంపు దగ్గర బుడగలు లేచాయి.

“దొరికాడమ్మా దొంగ! స్క్రూడ్రైవర్ తెస్తా ఉండు.”

కూతురు లోపలికి వెళ్లింది. తల్లి కదల్లేదు. బుస దానంతటదే ఆగిపోయింది.

తిరిగొచ్చిన కూతురు పంపు మీద గాలి ఒత్తిడి చూపే ముల్లు చూసింది. అది పడిపోకుండా నిలబడి ఉంది.

“నువ్వు బిగించావా? టార్చిలో సెల్లు మార్చడమే రాదు కదమ్మా నీకు!”

క్లాంపు మీద పసుపు రంగు చుక్క ఉంది. మెకానిక్కయిన తండ్రి తాను బిగించిన ప్రతిదాని మీదా అలాంటి చుక్క పెట్టేవాడు. ఆయన పోయి మూడేళ్లు. రంగు డబ్బా ఏనాడో ఎండిపోయింది.

“నాన్న పాత చుక్క,” అంది కూతురు మెల్లగా.

తల్లి దాన్ని ముట్టుకుంది. వేలికి తడి అంటింది. ఆ వేలిని పిడికిట్లో దాచుకుంది.

“పొద్దున్నే బయల్దేరు తల్లీ. బండి లాగుతుంది.”

రాసింది మెకానిక్ గారి భార్య, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉండేది కొండ మీద, కూతురి దగ్గర.